ముందు కుడి రెప్ప

మా అమ్మాయి ఫారం నింపుతుంటే చేతిలోంచి లాక్కున్నాను.

"నా కళ్ళు, నా సంతకం. నేనే చదువుకుంటాను."

"చదువుకో నాన్నా. పొద్దుగూకేదాకా కూర్చుంటాను, నాకు మాత్రం ఏం పని?"

చూపుడు వేలితో కుడి రెప్ప పైకెత్తి పట్టుకుని ఒక్కో వరుసా చదివాను. రెండేళ్ళుగా నా చదువు ఇలాగే సాగుతోంది. పై రెప్పలు జారిపోయి, తడిసిన పరదాల్లా కంటిపాపల మీద వేలాడుతున్నాయి. ఇంట్లో అయితే రెండు ప్లాస్టర్ ముక్కలు కత్తిరించి, రెప్పల్ని నుదుటికి అతికించుకుని పేపరు చదివేవాణ్ణి. మా అమ్మాయికి ఆ అవతారం గిట్టదు. ఇంటికొచ్చినవాళ్ళు జడుసుకుంటున్నారని పోరి పోరి ఈ చర్మం డాక్టరు దగ్గరికి లాక్కొచ్చింది. నలభయ్యో ఏట కష్టపడి నేర్చుకున్న అక్షరాలు. కళ్ళుండగా వాటిని వదులుకోవడం నాకూ ఇష్టం లేదు.

లోపలి గది తెల్లగా, చల్లగా ఉంది. స్పిరిట్ వాసన. డాక్టరమ్మ నా రెప్పను రెండు వేళ్ళతో పట్టి సాగదీసి చూసింది.

"కోత ఉండదు తాతగారూ. లేజర్‌తో పైచర్మాన్ని కొద్దిగా కాలుస్తాం, అది బిగుసుకుంటుంది. ఆ వెలుగు కంట్లో పడకుండా రెప్పల కింద చిన్న స్టీలు చిప్పలు పెడతాను. కాసేపు ఏమీ కనిపించదు. భయపడకండి."

"మార్చురీలో ముప్ఫై ఏళ్ళు పనిచేశానమ్మా. నాకు చీకటంటే భయమేంటి? చీకటికే నేనంటే భయం."

డాక్టరమ్మ నవ్వింది. మా అమ్మాయి నవ్వలేదు. ఆ ఉద్యోగం మాట నేనెత్తితే తనకు నచ్చదు. బయట కూర్చుంటానని వెళ్ళిపోయింది.

చుక్కల మందుకు కళ్ళు మొద్దుబారాయి. చిప్పలు రెప్పల కిందకు జారాయి. చీకటి. కళ్ళు మూసుకుంటే కనిపించే ఎర్రటి చీకటి కాదు. మూత బిగించిన డబ్బా లోపలి చీకటి.

మిషను టప్పు టప్పుమని మొదలైంది. ఒక్కో దెబ్బకూ చీమ కుట్టినట్టుంది. పక్కన పొగ పీల్చే గొట్టం గుర్రుమంటోంది. వెంట్రుకలు కాలిన వాసన.

"ముందు కుడి రెప్ప" అంది డాక్టరమ్మ. "తర్వాత ఎడమ."

ఆ మాట నాకు కొత్త కాదు.

నాకు పని నేర్పిన పెద్దాయన అచ్చం అలాగే అనేవాడు. పోయినవాళ్ళ కళ్ళు మూయడం మా పనుల్లో ఒకటి. ఒళ్ళు బిగుసుకోకముందే మూయాలి. ముందు కుడి రెప్ప, తర్వాత ఎడమ. వేళ్ళతో నొక్కిపట్టి ఇరవై లెక్కపెట్టాలి. పైన తడి దూది పెట్టాలి. దానికి నేనో మాట కలుపుకున్నాను. మగవాళ్ళయితే, "పడుకో నాయనా, ఇక పనేం లేదు." ఆడవాళ్ళయితే, "పడుకో తల్లీ, ఇక పనేం లేదు." నా చేతిలో మూతపడని కన్ను లేదని గొప్పలు చెప్పుకునేవాణ్ణి.

ఒక్కామె కళ్ళు మూతపడలేదు.

నడివయసు మనిషి. వెంట ఎవరూ లేరు. నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి గుండెల మీద పెట్టి వార్డు నుంచి తోసుకొచ్చారు. కుడి రెప్ప మూశాను. ఎడమ మూశాను. ఇరవై లెక్కపెట్టాను. చెయ్యి తీయగానే తెరుచుకున్నాయి. మళ్ళీ మూశాను. మళ్ళీ తెరుచుకున్నాయి. మూడోసారీ అంతే. నాకు పంతం వచ్చింది. నువ్వో నేనో తేల్చుకుందాం అనుకున్నాను. ఈల వేసుకుంటూ వెళ్ళి కత్తెర తెచ్చి, రెండు ప్లాస్టర్ ముక్కలు కత్తిరించి రెప్పల మీద అతికించాను. తలుపుకు తాళం వేసి ఇంటికి పోయాను.

మర్నాడు ప్లాస్టర్ తీస్తే లోపలి వైపు తడిగా ఉంది. దూది తడి అయ్యుంటుందని సరిపెట్టుకున్నాను.

కానీ ఆమెకు నేను దూది పెట్టలేదు.

ఆ కాగితంలో ఏం రాసి ఉందో నాకు తెలియదు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఆ నెలలోనే రాత్రి బడిలో చేరాను. ఈ వయసులో చదువెందుకయ్యా అని మా ఆవిడ అడిగితే, ఊరికే అన్నాను.

మిషను ఆగింది.

"అయిపోయింది తాతగారూ. పూత రాశాను. ఐదు నిమిషాలు అలాగే ఉండండి, వచ్చి చిప్పలు తీస్తాను."

చెప్పుల చప్పుడు దూరమైంది. తలుపు పడింది. గొట్టం హోరు కూడా ఆగిపోయింది. కాలిన వాసన మెల్లగా తగ్గి, దాని అడుగు నుంచి ఇంకో వాసన లేచింది. ఫినాయిలు. తడి గచ్చు. నాకు బాగా తెలిసిన గది వాసన.

రెండు వేళ్ళు నా కుడి రెప్ప మీద ఆనాయి. చల్లటి వేళ్ళు.

"డాక్టరమ్మా?" అన్నాను. అన్నాననుకున్నాను. పెదవులు కదల్లేదు.

వేళ్ళు ఎడమ రెప్ప మీదకు జరిగాయి. నొక్కిపట్టాయి.

"ఒకటి... రెండు... మూడు..."

గుసగుస. ఆడగొంతు. తొందర లేదు. నేను లెక్కపెట్టినట్టే, పది దగ్గర ఆగి ఊపిరి తీసుకుని...

"...ఇరవై."

వేళ్ళు లేచాయి. బలమంతా కూడదీసుకుని రెప్పలు తెరిచాను. చిప్పల వెనక ఏమీ కనిపించలేదు. వేళ్ళు వచ్చి మళ్ళీ మూశాయి. కుడి... ఎడమ... మళ్ళీ తెరిచాను. మళ్ళీ మూశాయి. చెయ్యి ఎత్తుదామంటే అది నా చెయ్యి కాదు. అరుద్దామంటే గొంతులో గాలి లేదు.

మూడోసారి తెరిచాను.

చెవి పక్కన కత్తెర చప్పుడు... ఒకసారి... ఇంకోసారి...

"పడుకో నాయనా... ఇక పనేం లేదు."

తలుపు తెరుచుకుంది.

"నిద్రపోయాడా ఏంటి?" మా అమ్మాయి గొంతు.

"ఎంత బుద్ధిగా ఉన్నారో చూడండి. ఒక్కసారి కూడా కదల్లేదు" అంది డాక్టరమ్మ.

కదల్లేకపోతున్నాను తల్లీ, అని లోపల్లోపల గింజుకున్నాను. ఇద్దరూ నా పక్కనే నిలబడి, పూత రోజుకు ఎన్నిసార్లు రాయాలో మాట్లాడుకుంటున్నారు. ఆ రోజు ఆమె పక్కన నేను ఈల వేశాను.

నా చెంప మీదుగా ఏదో కారింది.

"అయ్యో, ఏడుస్తున్నాడేంటండీ?"

"చుక్కల మందు లెండి, కారుతుంది."

చిప్పలు బయటకు జారాయి. వెలుగు. నీళ్ళలోంచి తేలినవాడిలా ఊపిరి లాక్కున్నాను. గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు.

పది రోజులకు పక్కులు రాలి రెప్పలు పైకి లేచాయి. "ఇప్పుడు అచ్చం గుడ్లగూబలా ఉన్నావు" అని మా అమ్మాయి మురిసిపోయింది. వేలు పెట్టకుండా పేపరంతా చదివాను. తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని పెద్ద అక్షరాలతో రాశాను.

"నేను పోయానని ఎవరు చెప్పినా, ఏ కాగితం ఇచ్చినా, రెండు రోజులు ఆగండి. నా కళ్ళు తెరుచుకుంటే మళ్ళీ మూయకండి."

రెండు ప్లాస్టర్ ముక్కలతో దాన్ని మంచం పక్కన గోడకు అతికించాను.

"ఇదేం పిచ్చి నాన్నా?"

"పిచ్చో వెర్రో, నా మాట అది. తీశావో ఊరుకోను."

"నీ మొండితనానికి యముడే దణ్ణం పెట్టి పోతాడు, నాదేముంది" అంటూ వెళ్ళిపోయింది. ఆ కాగితాన్ని మాత్రం ముట్టుకోలేదు.

నిన్న పొద్దున లేచేసరికి కాగితం నా గుండెల మీద ఉంది. నాలుగు మడతలు పెట్టి ఉంది. ప్లాస్టర్ ముక్కలు లేవు. గోడకు లేవు, కాగితానికి లేవు, మంచం కిందా లేవు. మా అమ్మాయి చీపురు తెచ్చి గదంతా ఊడ్చింది.

"పోతే పోయాయి, రెండు ముక్కలే కదా" అంటూ నా వైపు తిరిగింది. తిరిగి, ఆగిపోయింది. దగ్గరికొచ్చి వంగి చూసింది. వేలితో నా కుడి రెప్ప తాకింది. తర్వాత ఎడమ.

"నాన్నా... ఈ జిగురేంటి?"