సూదితో పొడిచిన గుర్రం

నిర్మల నన్ను ఇష్టపడి చేసుకుందా, కాలిపోయిన కాగితం బాకీ వసూలు చేసుకోవడానికా? పెళ్లయిన నాలుగేళ్లుగా ఈ అనుమానం నన్ను వదల్లేదు. కురుమూర్తి స్వామికి దీపం పెట్టేటప్పుడూ గుర్తొచ్చేది.

అది 1994 వానాకాలం. మహబూబ్‌నగర్‌లో, యూనివర్సిటీ వారి పాత కాగితాల విభాగంలో నాకు కొత్త కొలువు. గుడిగోడలకు బొమ్మలు వేసిన జంగయ్యగారు పోయాక, ఆయన కాగితాలు రెండు ట్రంకుపెట్టెల్లో మా దగ్గరకు వచ్చాయి. దుమ్ము దులిపి, నంబరు వేసి, కొత్తగా వచ్చిన స్కానర్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. పురుగు పట్టినవి స్కాన్ కాగానే కాల్చేయాలి.

పన్నెండు కాగితాల మీద బొమ్మే లేదు. అన్నీ చిల్లులే. చిల్లులు కనబడేలా వెనక నల్ల అట్ట పెట్టి స్కాన్ చేశాను. పెరట్లో రేకుల కింద మంట వేసి, మొదటిది అందులో పడేశాను.

అప్పుడే గొడుగు దులుపుకుంటూ జంగయ్యగారి కూతురు నిర్మల వచ్చింది.

"సారూ, మా బాపు చిల్లుల కాగితాలేవి?"

"గవి పురుగు తిన్నయి గదా?"

"పురుగా? బాపు సూదితోని పొడిచిండు."

పక్కనున్న ఒక కాగితాన్ని గోడకు ఆనించి, సంచిలోంచి బొగ్గుపొడి మూట తీసి చిల్లుల మీద అద్దింది. తీస్తే గోడ మీద చుక్కల ఏనుగు! నేను మంట వైపు చూశాను. మొదటి కాగితం అప్పటికే బూడిదైంది.

ఆమె లెక్కపెట్టింది. "పదకొండే ఉన్నయి. గుర్రమేది? దాని తోక నేనే పొడిచిన."

ఎలుకలు కొరికాయని చెప్పాలనిపించింది. చెబితే ఎవరికి తెలుస్తుంది? కానీ గోడ మీది ఏనుగును చూశాక అబద్ధం ఆడలేకపోయాను.

"నేనే కాల్చిన."

ఆమె మంటలోకి తొంగి చూసింది.

"పెద్దసారుకు చెప్తే నీ కొలువు పోతది."

"పోతది."

"భయమైతలేదా?"

"మస్తయితాంది."

ఆమె ఫక్కున నవ్వింది. "సరే, గుర్రం బాకీ. తీర్చేదాంక వదల."

అప్పటినుంచి ప్రతి వారం వచ్చి "గుర్రమేది?" అని అడిగేది. ఒక వారం రాకపోతే నాకు అన్నం సహించలేదు. మరుసటేడు స్వామి సన్నిధిలో పెళ్లయింది.

కంప్యూటర్‌లో ఉన్న గుర్రాన్ని ప్రింటు తీయించి, ప్రతి శనివారం పూజయ్యాక ఆ చుక్కల మీద సూదితో కొన్ని చిల్లులు పొడిచాను. నిన్నటితో పూర్తయింది. వంటింటి గోడకు ఆనించి బొగ్గుపొడి అద్దాను.

కాగితం తీశాను. గుర్రం నిలబడింది.

నిర్మల తోక మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. కళ్లు తుడుచుకుంది.

"బాకీ తీరింది గదా," అన్నాను భయంగా. "ఇగ వదిలేస్తవా?"

"నాలుగేండ్ల సంది గిదేనా నీ ఫికర్?" బొగ్గు వేలితో నా ముక్కు మీద ఒక చుక్క పెట్టింది. "తీరింది. ఇగ చెయ్యి కడుక్కో, తిందాం."