గురి తప్పినవాడి చొక్కా

ట్రక్కు వెనక తలుపు దించి వేడ్ సోబెక్ పెళ్లికొడుకులా నవ్వాడు.

“పది మొనల కొమ్ములు! లెక్కపెట్టుకో!”

ట్రూడీ వైమర్ లెక్కపెట్టలేదు. ఆమె చూపు కొమ్ముల మీద లేదు. దుప్పి ఎడమ ముందు కాలి మీద ఉంది. ఆ గిట్ట కొస విరిగి ఉంది.

ఆ రోజు తుపాకీ వేట మొదలైన శనివారం. ఆ లోయలో కొట్టిన దుప్పులన్నీ కోతకు ట్రూడీ దుకాణానికే వస్తాయి. మధ్యాహ్నానికే పదకొండు కొక్కేలకు వేలాడుతున్నాయి. ఆమె తండ్రి ఆర్విన్ పొయ్యి పక్కన కూర్చుని కత్తులు నూరుతున్నాడు.

“ఎక్కడ కొట్టావు?” అంది ట్రూడీ.

“మన వేట క్లబ్బు అడవిలోనే, వాగు మలుపు దగ్గర. అసలు సంగతి విను. హోటల్లో పాన్‌కేకులు తింటున్నా. ఫోన్ గుయ్‌మంది. చెట్టుకి కట్టిన కెమెరా ఫొటో పంపింది. దొరగారు వాగులో నీళ్లు తాగుతున్నారు! ఫోర్క్ పక్కన పడేశా, ట్రక్కెక్కా. ఇరవై నిమిషాలు. నా ప్లేటింకా తీసి ఉండరు!”

“నువ్వు వేటాడలేదు. పార్సెల్ వచ్చిందని కబురొస్తే వెళ్లి తెచ్చుకున్నావు.”

వేడ్ నవ్వు సగంలో ఆగింది. “లైసెన్సుంది. రూలు ప్రకారం దుప్పికి నా ట్యాగ్ కట్టాను. తప్పేంటి?”

“నీ ఫోన్‌నే అడుగు. అది చెబితే గానీ నీకేదీ తెలియదుగా.”

కత్తి నూరే చప్పుడు ఆగింది. ఆర్విన్ లేచి వచ్చాడు. గిట్టను చేతిలోకి తీసుకుని, విరిగిన కొస మీద బొటనవేలు పెట్టి కాసేపు ఉంచాడు. నాలుగు చలికాలాలు ఆయన మంచులో ఆ అడుగు వెంట నడిచాడు. కిందటేడు ఒక సాయంత్రం అది ఎదురుగా వచ్చి నిలబడింది కూడా. వెలుతురు చాలలేదు. గాయపరిచి వదిలేయడం ఇష్టం లేక తుపాకీ దించేశాడు. ఇంటికొచ్చి రెండు గిన్నెల సూప్ తాగి, “వచ్చే ఏడు చూడవే” అని కూతురితో నవ్వాడు.

“మంచి దుప్పి, బాబూ,” అన్నాడు వేడ్‌తో. కత్తి బల్ల మీద పెట్టి ఇంట్లోకి వెళ్లిపోయాడు. ఆ సీజన్‌లో మళ్లీ అడవి మొహం చూడలేదు.

ట్రూడీ ఆ దుప్పిని కోసింది. పని గనక కోసింది. పొట్లాలు కట్టి వేడ్ ముందు పడేసింది.

మార్చిలో క్లబ్బు వార్షిక సమావేశం జరిగింది. అడవి అంచున ఉన్న పాత చెక్క క్యాంపులో ఇరవై ఐదుగురు సభ్యులూ కూర్చున్నారు. వెనక గోడ నిండా చొక్కా ముక్కలు. ఆ క్యాంపులో అదొక కట్టుబాటు. దుప్పిని కొట్టబోయి గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు ఆ సాయంత్రమే కత్తిరించి గోడకు కొడతారు. ముక్క మీద పేరు, తేదీ, తప్పిన కారణం వాడే రాయాలి. అబద్ధం రాయకూడదు. ‘తుమ్ము వచ్చింది’ అని ఒకటి. ‘కళ్లజోడు మరిచాను’ అని ఒకటి. ‘పెళ్లాం గుర్తొచ్చి భయం వేసింది’ అని ఇంకొకటి.

ట్రూడీ లేచి నిలబడింది.

“అక్టోబర్ నుంచి జనవరి దాకా మన అడవిలో ఫోన్‌కి ఫొటోలు పంపే కెమెరాలు ఉండకూడదు. ఇదీ నా ప్రతిపాదన.”

“మీ నాన్నకి దుప్పి దక్కలేదని మా అందరికీ రూలా?” అన్నాడు లెస్టర్ డంకెల్. వేడ్ పనిచేసే ఫ్యాక్టరీలోనే అతనూ పనిచేస్తాడు.

“వెనక్కి తిరిగి గోడ చూడు లెస్టర్. చివరి ముక్క ఎప్పటిది?”

లెస్టర్ తిరిగి చూశాడు. అది నాలుగేళ్ల కిందటిది.

“నాలుగేళ్లుగా ఒక్క మేకు దిగలేదు. మీరంతా అంత గురిగాళ్లు ఎప్పుడయ్యారు? ఎక్కడుందో, ఎప్పుడొస్తుందో, ఎటు తిరిగి నిలబడిందో కుర్చీలో కూర్చుని చూసి బయల్దేరితే ఎవడికి తప్పుతుంది? ఇంక దుప్పికి మిగిలిందేంటి? మీ టైముకి వచ్చి చావడమేగా!”

వేడ్ లేచాడు. “మీ నాన్నగారి తుపాకీకి దుర్భిణి ఉంది. అదీ పీకేద్దామా?”

“దుర్భిణిలోంచి చూడాలన్నా అడవిలో ఉండాలి. హోటల్లో కాదు.”

అందరూ ఘొల్లుమన్నారు. వేడ్ చెవులు ఎర్రబడ్డాయి. కానీ కూర్చోలేదు.

“నేను వారానికి ఆరు రోజులు ఫ్యాక్టరీలో ఉంటాను. సీజన్ మొత్తంలో నాకు దొరికే సెలవు ఒక్క శనివారం. లెస్టర్‌కీ అంతే. మీ నాన్నగారు రిటైరయ్యారు, రోజూ తిరగ్గలరు. టైమున్నవాళ్లకి రూళ్లు పెట్టడం తేలిక, ట్రూడీ.”

ఆ మాట నిజం. అందుకే ఆమెకు ఒళ్లు మండిపోయింది.

“ఆదివారాలు ఏం చేస్తావు?”

“పడుకుంటాను.”

“ఆదివారం వేటకే నిషేధం, అడవికి తాళం వెయ్యరు. ఇప్పుడే దుప్పులు కొమ్ములు రాలుస్తాయి. వచ్చి వెతుక్కో. అవెక్కడ పడుకుంటాయో, ఎటు నడుస్తాయో ఇప్పుడు నేర్చుకుంటే నవంబర్‌లో ఏ కెమెరా అక్కర్లేదు.”

“ఎవరు నేర్పుతారు?”

ట్రూడీ నోరు తెరిచింది.

“చెప్పమ్మా, ఎవరు నేర్పుతారు?” అని వెనక నుంచి ఒక ముసలి గొంతు అడిగింది. క్యాంపు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు.

అధ్యక్షుడు క్లైడ్ బల్ల చరిచాడు. ప్రతిపాదన మార్చిలో చదవడం, ఆగస్టు విందులో చేతులెత్తడం క్లబ్బు పద్ధతి. అంతవరకూ ఎవరి కోపం వాళ్లు ఇంటికి తీసుకెళ్లమన్నాడు.

మొదటి ఆదివారం వేడ్ ఫోన్ పట్టుకుని వచ్చాడు.

“అది ట్రక్కులో పడెయ్,” అంది ట్రూడీ.

“దారి తప్పితే?”

“తప్పిపో. నేను వెతకను.”

అతను ఏనుగులా నడిచేవాడు. ప్రతి ఎండుకొమ్మనూ పేరు పెట్టి పిలిచినట్టు తొక్కేవాడు. ఆమె కసిరేది. రెండో ఆదివారానికి అడుగు మెత్తబడింది. మూడో ఆదివారం మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన దిగింది. ఇద్దరూ ఒకే చెట్టు కింద దూరాల్సి వచ్చింది. చెట్టు పెద్దదే. ఎందుకో చోటు చాలలేదు.

“వానలో దుప్పులు ఏం చేస్తాయి?” అన్నాడు.

“నోరు మూసుకుని నిలబడతాయి.”

అతను నోరు మూసుకుని నిలబడ్డాడు. ఆమె టోపీ అంచు నుంచి చినుకులు అతని భుజం మీద పడుతున్నాయి. ఎవరూ జరగలేదు. వాన వెలిశాక కూడా కాసేపు జరగలేదు.

“వెలిసింది,” అంది ట్రూడీ కోపంగా.

“తెలుసు.”

తర్వాతి ఆదివారం సాయంత్రం అతను దుకాణానికి వచ్చాడు. ట్రూడీని దాటుకుని తిన్నగా ఆర్విన్ ముందుకెళ్లి బల్ల మీద ఒక కొమ్ము పెట్టాడు. అది ఏడాది కిందట రాలింది. కింది భాగం ఎలుకలు కొరికాయి. నిరుడు అడవిలో దొరికితే ఆర్విన్ గోడ మీద దాచుకున్న ఒంటి కొమ్ముకు అది జత. విరిగిన గిట్ట దుప్పిదే.

“ఎక్కడ దొరికింది?” అన్నాడు ఆర్విన్.

“వాగు పైన, ఎండ తగిలే వాలులో. నాలుగు ఆదివారాలు పట్టింది, సార్. ఆ రోజు అది మీదని నాకు తెలియదు.”

“ఎవరిదీ కాదు,” అన్నాడు ఆర్విన్. పక్క కుర్చీని కాలితో అతని వైపు నెట్టాడు. “కూర్చో.”

ట్రూడీ కత్తి కడుగుతున్నట్టు నటించింది. కడిగిన కత్తినే మళ్లీ కడిగింది.

ఆగస్టు విందులో బీట్‌రూట్ రసంలో ఊరిన గుడ్లు, కాల్చిన మొక్కజొన్నలు అయ్యాక క్లైడ్ చేతులు ఎత్తమన్నాడు. రూలు కావాలన్నవాళ్లు పన్నెండు మంది. వద్దన్నవాళ్లు పదమూడు. ఆ పదమూడు చేతుల్లో ఒకటి వేడ్‌ది.

ట్రూడీ అతన్ని ట్రక్కుల వెనక పట్టుకుంది.

“అయిదు నెలలు నా వెనక తిరిగింది ఇందుకా?”

“నా మూడు కెమెరాలూ జూన్‌లోనే విప్పేశాను ట్రూడీ. వెళ్లి చూసుకో.”

“మరి చెయ్యెందుకెత్తావు?”

“నావి విప్పాను. లెస్టర్‌వి విప్పే హక్కు నాకు లేదు. వాడింట్లో అయిదుగురు చలికాలమంతా తినేది ఆ మాంసమే. వాడికున్నది ఒక్క శనివారం.”

“అంటే నీ నీతి నీ ఒక్కడికే. మిగతా అడవి ఎలా పోయినా ఫర్వాలేదు!”

“నువ్వు మెచ్చుకుంటావని చెయ్యెత్తితే, ఆ చెయ్యి నీకు పనికొస్తుందా?”

“పనికొచ్చేది! ఒక్క చెయ్యి. రూలు నెగ్గేది!”

ఆమె గిర్రున తిరిగి వెళ్లిపోయింది. మర్నాడు అడవికి వెళ్లి చూసింది. మూడు చెట్లకూ పట్టీ గుర్తులు మాత్రమే ఉన్నాయి, నాచు కప్పడం మొదలైంది. చూసి కూడా ఆమె మాట్లాడలేదు. సెప్టెంబర్, అక్టోబర్ మాట్లాడలేదు. అతను సరైనవాడే అయితే ఆమెకు ఇంత కష్టం ఉండేది కాదు. తప్పుడు మనిషే అయితే అసలు ఉండేది కాదు.

మళ్లీ వేట మొదలైన శనివారం వచ్చింది. ఆర్విన్ కూతురి చేతిలో కత్తి లాక్కున్నాడు.

“మధ్యాహ్నం దాకా నేను కోస్తాను. నువ్వు పో. ఇక్కడ మాంసం కన్నా నీ మొహమే గడ్డకట్టుకుపోయింది.”

తెల్లారాక ఆమె వాగు వైపు గట్టు దిగుతోంది. కిందుగా, ఆమెకు దూరంగా, అవతలి వైపు ఒకే ఒక్క తుపాకీ మోత వినబడింది. రెండోది లేదు. ఆమె ఆగి పిలిచింది. బదులు పలికింది వేడ్ గొంతు. వెళ్లేసరికి అతను మంచె దిగి తల గోక్కుంటున్నాడు.

“తప్పింది,” అన్నాడు.

“ఎంత దూరం?”

“ముప్పై అడుగులు.”

“ముప్పై అడుగులా! మా అమ్మమ్మ గరిటె విసిరినా తగిలేది!”

కోపం కోపమే, పని పనే. ఇద్దరూ గంటసేపు నేల మీద వంగి వెతికారు. నెత్తురు చుక్క లేదు, వెంట్రుక లేదు. గుండు ఒక చెట్టు మొదట్లో దిగి ఉంది. దుప్పికి ఏమీ కాలేదు. అది తేలాక ట్రూడీ మూడు నెలల్లో మొదటిసారి ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించింది.

సాయంత్రం క్యాంపులో అందరూ మూగారు. క్లైడ్ కత్తెర తెచ్చి ట్రూడీకి ఇచ్చాడు.

“చేతిలో ఫోనుంటే చొక్కా మిగిలేదిరా!” అన్నాడు లెస్టర్.

“నీ చొక్కాలన్నీ కొత్తగానే ఉన్నాయి లెస్టర్,” అంది ట్రూడీ. “సిగ్గుపడు.”

వేడ్ వెనక్కి తిరిగి నిలబడ్డాడు. అంచు కత్తిరించాల్సిన చోట ఆమె వీపు సగం దాకా కత్తిరించింది.

“ఇది చలికాలం!” అని అరిచాడు.

“ఆగస్టుది కూడా కలిపాను.”

గుడ్డ మీద అతను రాశాడు. ఆర్విన్ దాన్ని తీసుకుని వెలుతురుకు పట్టి పైకి చదివాడు.

“వేడ్ సోబెక్. కారణం: దుప్పి ఎడమ పక్క వచ్చింది. కుడి పక్క గట్టు మీద ట్రూడీ కనబడింది. నేను కుడి పక్కకే చూస్తున్నాను.”

కప్పులు బల్లల మీద దడదడా మోగాయి. ట్రూడీ మొహం బీట్‌రూట్ గుడ్డులా అయింది.

“అంటే తప్పు నాదా?”

“సగం నీది. అబద్ధం రాయకూడదన్నారుగా.”

ఆర్విన్ గుడ్డను గోడకు ఆనించి పట్టుకున్నాడు. కూతురి చేతికి సుత్తి ఇచ్చాడు. ఆమె సుత్తి ఎత్తి ఆగింది.

“మార్చిలో ఆ రూలు మళ్లీ పెడతాను,” అంది వేడ్‌తో.

“పెట్టు. ఈసారి ఏమంటానో ఇప్పుడే చెప్పలేను.”

“నేను చెబుతాను. నీ పక్కనే కూర్చుని నీ చెయ్యి గట్టిగా పట్టుకుంటాను. ఎలా ఎత్తుతావో చూస్తాను.”

“పట్టుకుని మళ్లీ వదుల్తావా?”

ఆమె తండ్రి వైపు చూసింది.

“మేకు కొట్టవే,” అన్నాడు ఆర్విన్. “గట్టిగా కొట్టు. ఇది ఊడిరాకూడదు.”