కిజ్‌కోల్ జడగంటలు

కిజ్‌కోల్ చెరువు పేరెత్తితే మా ఊళ్లో కుక్కలు కూడా తోక ముడుస్తాయి. ఎప్పుడో ఒక పెళ్లికూతురు బండి దిగి, తిన్నగా ఆ చెరువులోకి నడిచి వెళ్లిపోయిందట. ఇష్టంలేని పెళ్లట. చీకటిపడితే ఇప్పటికీ ఆమె జడగంటలు జమ్ముగడ్డిలో మోగుతాయంటారు. ఆ మోతకి పలికినవాణ్ణి ఒండ్రు లోపలికి లాగేసుకుంటుందంటారు... అందుకే పట్టపగలు కూడా గొర్రెల్ని అటు తోలరు. చేపలు మాత్రం అడిగేవాడు లేక బలిసిపోయాయి.

ఇది మా మేనమామ సైత్‌కలి చెప్పింది. ఆయన మాటల్లో సగం తీసేసి వినాలి. నేను సగం తీసేసే మీకు చెబుతున్నాను.

మామయ్య కూతురు కున్సులుకి నర్సు చదువు మధ్యలో పెళ్లయింది. ఇంకొక్క ఏడాది మిగిలింది. వియ్యంకుడు ఒమిర్తాయ్ ససేమిరా అన్నాడు. "కోడలు పట్నంలో కూర్చుంటే మా ఇంట్లో టీ ఎవరు పోస్తారు?" అని ఒకటే పాట. పిల్ల ఫోన్లో ఏడ్చింది. మామయ్యకి అన్నం సయించలేదు.

మా వైపు ఒక పద్ధతుంది. వియ్యంకుణ్ణి పిలిచి, కొవ్వూ కార్జం కలిపి మన చేత్తో నోట్లో పెడితే, ఆ ముద్ద మింగినవాడు మన కోరిక కాదనడు. కానీ ఒమిర్తాయ్‌కి డాక్టరు కొవ్వు మాన్పించాడు. సరే, చేప పెడతానన్నాడు మామయ్య. అంతటితో ఊరుకున్నాడా? "గొర్రెపిల్లంత బంగారుతీగ చేప పెడతాను బావగారూ!" అని కోతలు కోశాడు.

తెల్లారితే వియ్యంకులు దిగుతారు. ఊరి చెరువులో ఉన్నవన్నీ వేలెడు చేపలు.

"కిజ్‌కోల్‌కా?" రబిగత్త గుండె బాదుకుంది. "నీకు మతి పోయిందా?"

"పిల్ల చదువు ఆ నీళ్లలో ఉందే. తెచ్చుకోవద్దూ?" అని మామయ్య రబ్బరు పడవ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ చెరువు అడుగంతా మెత్తటి ఒండ్రు. కాలు మోపితే నడుం దాకా దిగిపోతుంది. అందుకే మామయ్య పడవలోంచి కదల్లేదు. ఉడకబెట్టిన బఠానీలు, పొద్దుతిరుగుడు చెక్క చల్లి గాలం వేశాడు. కాసేపటికి సన్నటి బుడగలు వరసగా లేచాయి. లిన్ చేప ముట్టెతో ఒండ్రు తవ్వుతుంటే అలాగే లేస్తాయి. పొద్దుగూకేలోగా మూడు లిన్‌లు పడ్డాయి. ఒళ్లంతా జిగురు, అడుసు రంగు. బతికుండాలని తడి దురదగొండి ఆకులో చుట్టిపెట్టాడు. కానీ ఎంతుంటాయవి? మూడూ కలిపినా గొర్రెపిల్ల చెవంత కూడా లేవు.

చీకటి చిక్కబడింది. గాలి ఆగిపోయింది.

గల్...

మామయ్య మెడ తిప్పలేదు. కప్పేమో అనుకున్నాడు. కప్ప గల్లుమంటుందా?

గల్... గల్...

జమ్ము వైపు నుంచి. వెంటనే ఏదో బుడుంగుమంది. ఆ తర్వాత ఒక మూలుగు... మామయ్య "బిస్మిల్లా" అని తెడ్డు అందుకోబోయాడు. సరిగ్గా అప్పుడే గాలం గుంజింది!

అలా ఇలా కాదు. కర్ర విల్లులా వంగింది. దారం కుయ్యోమంది. బంగారుతీగ! మామయ్య కాళ్లు పడవకి తన్నిపెట్టి పట్టుకున్నాడు. చేప ఆగలేదు. పడవనే లాక్కుపోవడం మొదలెట్టింది... ఎటు? తిన్నగా జమ్ములోకి. గంటలు మోగిన వైపుకే!

"అటు కాదే నా తల్లీ... ఇటు రావే..." అని మామయ్య చేపని బతిమాలుతున్నాడు. కర్ర వదిలేస్తే ప్రాణం దక్కుతుంది. వదిలితే కున్సులు బతుకంతా టీ పోస్తూ కూర్చుంటుంది. ఏడుపొచ్చింది, దాంతోపాటే పిచ్చి నవ్వూ వచ్చింది. పళ్లు బిగించి గట్టిగా పట్టుకున్నాడు.

పడవ జమ్ములోకి దూసుకుపోయింది. బురద కారుతున్న ఒక చెయ్యి... పైకి లేచి... పడవ అంచు పట్టుకుంది.

"బావగారూ..."

దెయ్యానికి ఇంత మర్యాదేమిటి?

"బావగారూ, నేనండీ... ఒమిర్తాయ్‌ని..."

టార్చి వేస్తే కనబడ్డాడు వియ్యంకుడు. ఛాతీ దాకా ఒండ్రు, నెత్తిన దుప్పటి. మామయ్య కిజ్‌కోల్‌కి వెళ్తున్నాడని కోడలి ద్వారా విని, దెయ్యంలా జడిపించి రేపు అందరి ముందూ ఆట పట్టిద్దామని వచ్చాడట. మా వియ్యంకుల వేళాకోళాలు అలాగే ఉంటాయి మరి. రాతిగుట్టల మనిషి, ఒండ్రు సంగతి అతనికేం తెలుసు? రెండడుగులు వేశాడు, దిగిపోయాడు.

మామయ్య పడీపడీ నవ్వాడు. ఆ సందట్లో బంగారుతీగ దారం తెంపుకుని పోయింది. నవ్వు ఆగిపోయింది.

"లాగవయ్యా బాబూ!"

"లాగుతాను. ముందు మా పిల్లని చదువుకి పంపుతానను."

"ఛాతీ దాకా కూరుకుపోయినవాడితో బేరమా?"

"రేపు ముద్ద పెట్టి అడగాల్సింది. ముద్ద ఇప్పుడే తెంపుకుపోయింది. నేనేం చెయ్యను?"

"పెళ్లైన పిల్లకి చదువేంటయ్యా? టీ ఎవరు..."

"సరే, ఉండు అక్కడే. అయినా ఆ గంటల మోత మాత్రం అద్భుతం బావగారూ. చెల్లెమ్మవా అవి?"

ఒమిర్తాయ్ తెల్లబోయాడు.

"ఏ గంటలు? నేను తెచ్చింది దుప్పటి ఒక్కటే. అవి... చేప పడితే మోగాలని నీ గాలం కర్రకి కట్టినవి కావూ?"

మామయ్య కర్రవైపు చూశాడు. దానికి గంటల్లేవు. ఎప్పుడూ లేవు.

గల్...

సరిగ్గా ఒమిర్తాయ్ వీపు వెనక.

"చదివించుకో!" చెరువు దద్దరిల్లేలా అరిచాడు ఒమిర్తాయ్. "నర్సేంటి, డాక్టరే చదివించుకో! టీ నేనే పోసుకుంటాను! లాగవయ్యా మొగుడా, లాగు!"

మామయ్య లాగాడు. ఒక బూటు ఒండ్రుకే వదిలేశారు. తెడ్డు ఎక్కడుందో చూడకుండా నాలుగు చేతులతో నీళ్లు తోసుకుంటూ ఒడ్డుకి పడ్డారు. ఇద్దరూ వెనక్కి చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఒమిర్తాయ్ ఇస్త్రీ చొక్కాలో, అప్పుడే ఊళ్లోకి అడుగుపెట్టినవాడిలా దిగాడు. ఇల్లంతా చుట్టాలు. రబిగత్త వేయించిన లిన్ చేపలు మూడూ పళ్లెంలో తెచ్చింది. మామయ్య ముల్లు తీసి ముద్ద కలిపి, చెయ్యి ఎత్తాడు.

"కున్సులు ఈ శరత్తులోనే కాలేజీకి వెళ్తుంది," అన్నాడు ఒమిర్తాయ్, ఎవరూ ఏమీ అడక్కముందే.

రబిగత్త నోరు తెరిచింది.

"అదేమిటన్నయ్యా! ముద్ద ఇంకా నోట్లో పెట్టనేలేదే!"