ఆరున్నొకటి

మిర్యాలగూడ బడిలో లెక్కల మాస్టారు సత్యానందానికి రెండంటే ఒళ్లుమంట. ఒకటి చాదస్తం, రెండోది తెగని లెక్క.

1964 వానాకాలం. రైస్ మిల్లు వెనక కిరాయి గదిలో భార్య శాంతకుమారి మంచం మీద ఒత్తిగిలి ఉంది. ఎనిమిదో నెల. ముందు రెండు కాన్పుల్లో బిడ్డలు దక్కలేదు. ఈ బిడ్డ ఏమవుతుందోనని మాస్టారికి లోపల ఒకటే గుబులు, పైకి మాత్రం నవ్వులు.

సాయంత్రం ముసురు. కరెంటు పోయి మిల్లు ఆగింది. తడిసిన తవుడు వాసన. గోడవతల హమాలీ సత్తయ్య కుంచంతో వడ్లు కొలుస్తున్నాడు. "లాభం... రెండు... మూడు..." ఆరు దాటగానే, "ఆరున్నొకటి... ఎనిమిది..."

"ఏడంటే ఏడుపొస్తదా ఏంది," అని మాస్టారు నవ్వాడు.

"గట్లనకుండ్రి. కడుపుతోని ఉన్న, నా ముందర ఆ మాటొద్దు."

ఆమె దిగులు మరిపించాలని పలక అందుకున్నాడు. "హైద్రాబాద్ ట్రైనింగుల ఒక లెక్క జెప్పిన్రు. అంకె సరి అయితే సగం జెయ్యాలె. బేసి అయితే మూడింతలు జేసి ఒకటి కలపాలె. యాడ మొదలువెట్టినా ఆఖరికి ఒకటికే వస్తదట. ఎందుకొస్తదో లోకంల ఎవ్వరికీ తెల్వదు."

పొట్ట మీదికి వంగి ముద్దుగా అన్నాడు. "మనం ఏ అంకెతోని మొదలువెడదాం బిడ్డా? ఏడు."

ఏడ్చింది.

పసిబిడ్డ ఏడుపు. సన్నగా... నీళ్లలోంచి వస్తున్నట్టు. శాంతకుమారి పెదవులు మూసుకునే ఉన్నాయి. రెండు చేతులతో పొట్టను పొదివి పట్టుకుంది.

"లోపల్నుంచే..." అంది గుసగుసగా. "ఏడువుమన్నది మీరే. మీరే ఆపుండ్రి."

ఏం చేయాలో తోచక మొదలుపెట్టిన లెక్కే సాగించాడు. ఇరవై రెండు. ఏడుపు హెచ్చింది. పదకొండు. తగ్గింది. ముప్పై నాలుగు... పదిహేడు... యాభై రెండు. శాంతకుమారి దిండు కొరికింది. అంకె పెరిగితే ఏడుపూ పెరుగుతోంది. ఒకటికి చేరితే ఆగుతుంది... ఆగాలి. బలపం విరిగింది. ముక్కతోనే రాశాడు.

పదహారు. ఎనిమిది. నాలుగు. రెండు.

ఒకటి.

ఏడుపు ఆగింది.

సత్యానందం పలక పక్కన పెట్టి, ప్రభువును తలచుకుని భోరుమన్నాడు. ఇంత భయం అతను జన్మలో ఎరగడు.

"కదులుతున్నదా?"

"కదులుతున్నది," అని ఆమె తేలిగ్గా ఊపిరి వదిలింది.

అప్పుడు పొట్టలోంచి, నెమ్మదిగా, తప్పు దిద్దే విద్యార్థిలా...

"ఒకటి బేసి గద, సార్. నాలుగు."