మూతకు తెలిసిన చెయ్యి

మూడో విడత మందుకు ఆసుపత్రిలో మూడు రోజులు ఉండాలి. లాస్య తన భర్త నిశాంత్ సంచిలో రెండు లుంగీలు, తువ్వాలు, ఉన్ని టోపీ సర్దింది. ఉసిరి పచ్చడి జాడీలోకి ఎత్తుతుంటే ఆడపడుచు హారిక వచ్చి తన పొడి నింపిన చిన్న సీసా అందించింది.

“ఇది కూడా పెట్టు లాస్యా. తమ్ముడికి పూటకి ఒక్క చెంచా, మొదటి ముద్దలో. నేను దగ్గరుండి వేస్తాలే.”

“మీరుండగా నాకేం దిగులు వదినా,” అంది లాస్య, సీసా వంక చూడకుండా.

ఆ కాలానికి కాకినాడలో క్యాన్సర్ మందు తీసుకునే ప్రతి మనిషి మణికట్టుకూ కణసాక్షి అనే పట్టీ ఉండేది. మందు గడ్డను చంపుతూనే మంచి కణాల్లోని జన్యుపోగుల్ని కూడా తెంపేస్తుంది. ఉసిరి, పసుపు, దానిమ్మ, కరివేపాకు లాంటివి కొలత ప్రకారం తింటే తెగే పోగులు తగ్గుతాయి. ఎన్ని కణాల్లో తెగాయో కణసాక్షి రక్తంలో చూసి రోజూ పొద్దున్నే పైకి చెబుతుంది. వంటగిన్నెలకు హస్తమూతలు వచ్చాయి. అరచెయ్యి ఆనించి మూస్తే ఎవరి వంటో గుర్తుపడతాయి. ఏమేం వేశారని అడిగి, వండినవాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకుని కణసాక్షికి అందిస్తాయి. వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు ఎదురైతే ముందు అడిగేది ఆ అంకే.

మొదటి విడతకు లాస్య వండింది. “లాస్య గారి వంట. నూటికి ముప్పై ఒకటి,” అంది కణసాక్షి. రెండో విడతకు అమలాపురం నుంచి హారిక వచ్చి, కణాల్ని కాపాడే పొడి తెచ్చి అది వేసి వండింది.

“హారిక గారి వంట. నూటికి తొమ్మిది.”

కణసాక్షి గొంతు చాలా మర్యాదగా ఉంటుంది. లాస్యకు అందుకే మరీ ఒళ్ళు మండింది.

“చూశావా, వీడి నాలుకొక్కటే అనుకున్నాను. కణాలు కూడా అక్కనే గుర్తుపట్టాయి,” అని హారిక నవ్వింది.

“పాపం, దాన్నేం అనకక్కా. చారు మాత్రం లాస్యే బాగా పెడుతుంది,” అన్నాడు నిశాంత్.

ముప్పై ఏళ్ళ కాపురంలో అతనికి జ్వరం వస్తే లాస్య జావ కాచింది. పళ్ళు పీకించుకుంటే అన్నం మెత్తగా పిసికి పెట్టింది. ఆ చేతికి ముప్పై ఒకటి. పండక్కీ పేరంటానికీ వచ్చిపోయే చేతికి తొమ్మిది. బియ్యం ఏరుతున్నా, బట్టలు ఆరేస్తున్నా ఆ రెండు అంకెలే ఆమె కళ్ళ ముందు మెదిలాయి.

ఇప్పుడు సీసా ఇచ్చి హారిక చీర మార్చుకోవడానికి వెళ్ళగానే లాస్య అలమర తెరిచింది. మూడు నెలలకని హారిక తెచ్చిన పొడి డబ్బా అక్కడే ఉంది. నాలుగు గరిటెలు తీసి పచ్చడిలో కలిపి, మూత మీద అరచెయ్యి ఆనించింది.

“ఏమేం వేశారు?” అని మూత అడిగింది.

“ఉసిరి, పసుపు, మెంతులు, ఉప్పు.”

మూత రాసుకుంది.

మూడో రోజు పొద్దున ఆసుపత్రి గదిలో కణసాక్షి పలికింది. “లాస్య గారి వంట. నూటికి ఒకటి.”

నర్సు చప్పట్లు కొట్టింది. హారిక వచ్చి లాస్య భుజం పట్టుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. “నన్ను మించిపోయావే మరదలా. ఆ కొలతలు నాకూ చెప్పు.”

“కొలతలేముంది వదినా, చెయ్యి అలవాటు,” అంది లాస్య. నాలుగో విడతకూ అలాగే కలిపింది. అప్పుడూ ఒకటే వచ్చింది.

ఆగస్టులో డాక్టర్ రెహానా ఇంటికే వచ్చింది. గడ్డ బొమ్మను గోడ మీద చూపించింది. అది రవ్వంత కూడా తగ్గలేదు.

“మంచి కణాలు చెక్కుచెదరలేదు. గడ్డ కూడా అంతే ఉందండీ. రక్షణ కొలత దాటితే చావాల్సిన కణాన్ని కూడా కాపాడేస్తుంది. కణసాక్షి చూసేది రక్తాన్ని, గడ్డను కాదు. ఇంట్లో ఏదో ఎక్కువ పడుతోంది. ఏమిటది?”

మూతల రాతల్లో లాస్య వంటలన్నీ కొలతలోనే ఉన్నాయి. డాక్టర్ పొడి డబ్బా తెప్పించి చూసింది. మూడు నెలలకని తెచ్చింది నెలన్నరకే అడుగంటింది.

“నేను చెంచాడే వేశానండీ,” అంది హారిక.

“భయంకొద్దీ ఇంకో చెంచా వేసుంటావులే అక్కా. ఏం కాదు,” అన్నాడు నిశాంత్.

“నీ విషయంలో నేను లెక్క తప్పుతానట్రా?”

లాస్య మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడతపెడుతోంది. ఒక్క మాట చాలు. కానీ ఆ మాట పైకి వస్తే నూటికి ఒకటి తనది కాకుండా పోతుంది. ఆమె తువ్వాలును అలమరలో పెట్టింది.

డాక్టర్ పొడి మానేయమని చెప్పి వెళ్ళింది. హారిక వంటింట్లోకి నడిచింది. లాస్య వెనకే వెళ్ళింది. జాడీలో మిగిలిన పచ్చడిని హారిక వేలితో తీసి నాలుకకు రాసుకుంది. లాస్య వంక చూసింది. తర్వాత పచ్చడంతా పారబోసి, జాడీ కడిగి బోర్లించింది.

“ఇకనించి ఒట్టి ఉసిరే వెయ్యి లాస్యా. వాడు బతకాలి.”

“భోజనం చేసి వెళ్ళండి వదినా.”

“అమలాపురం నీటిబస్సు వెళ్ళిపోతుంది,” అంటూ హారిక తన సంచి సర్దుకుంది. తమ్ముడికి ఏమీ చెప్పలేదు.

తర్వాతి విడతకు నూటికి ఇరవై ఎనిమిది వచ్చింది. ఇంకో రెండు విడతలకు గడ్డ కరిగిపోయింది. నిశాంత్ పదకొండేళ్ళు బతికాడు. ఒకటి వచ్చిన ఆ పచ్చడి మళ్ళీ చెయ్యమని అప్పుడప్పుడు అడిగేవాడు. మంచి ఉసిరికాయలు దొరకలేదని లాస్య చెప్పేది. ఫోన్ చేసినప్పుడల్లా అక్కను రమ్మనేవాడు. వస్తాలేరా అనేది హారిక.

హారిక 2087 ఆగస్టు పధ్నాలుగు, గురువారం, మధ్యాహ్నం పన్నెండున్నర నీటిబస్సుకు వెళ్ళింది. ఆ ఇంటికి మళ్ళీ రాలేదు.