ఎరుపులో ఒక పేరు

"పన్నెండింటికి ప్యో దొక్‌సుని లేపేస్తారు," అంది చీఫ్. "ఆ విదేశీ ముఠాలో మన మనిషి. తొమ్మిదో అంతస్తులో కాపలా మధ్య ఉన్నాడు. మనవాళ్లు చేరేసరికి పన్నెండుంపావు. ఆ పావుగంట నాక్కావాలి, ఇన్‌హ్యోక్."

"ఎవరు పట్టిచ్చారు?"

"నువ్వు ప్రేమించినావిడే."

పన్నెండుకి ఎనిమిది నిమిషాలుండగా, కంప్యూటర్లు బాగుచేసేవాడి వేషంలో బాంగ్ ఇన్‌హ్యోక్ సియోల్‌లోని ఆ భవనం పదకొండో అంతస్తుకి చేరాడు. గదిలో పట్టుచొక్కాతో ఛా రిన్‌హా ఒక్కతే ఉంది. ఇరువైపులా జీతం తీసుకునే డబుల్ ఏజెంట్.

"ఆ మీసమేంటి ఓప్పా?" అంది, ప్రేమించిన రోజుల్లోలాగే పిలుస్తూ. "చచ్చిన ఎలకని అతికించుకున్నావా?"

పెన్ను నొక్కాడు. సూది ఆమె మెడలో దిగింది. ముందు కాళ్లు మొద్దుబారతాయి, చివర్న నాలుక.

బల్ల మీది కంప్యూటర్ నల్లటి తెర మీద కమాండ్ కొట్టాడు. ఫోల్డర్ల జాబితా రంగుల్లో దిగింది. ముఠాలో మనిషికొక ఫోల్డరు. ఐదు పేర్లు నీలం. దొక్‌సు పేరు ఎరుపు. ఈ ఊళ్లో బతికున్నవాడి పేరు ఎవరూ ఎర్రగా రాయరు.

"పన్నెండింటికి మా హంతకుడు లెనార్ట్ వచ్చి తెర చూస్తాడు," అందామె. "ఎర్రగా ఉన్నవాణ్ని కాలుస్తాడు. ఎందుకని అడగడు."

"నీలం చేసేస్తా."

"చెయ్యి! ఎరుపు లేకపోతే పైవాళ్లకి ఫోన్ చేస్తాడు. వాళ్లు పేరు చెప్తారు." నవ్వింది. "ఎవరో ఒకరు ఎర్రబడాల్సిందే. బొద్దింకని కూడా చంపలేవు, నీవల్ల అవుతుందా?"

రంగుల సెట్టింగ్ ఫైలు తెరిచాడు. ప్రతి పేరు పక్కనా దాని రంగుకి ఒక అంకె. దొక్‌సు అంకె మార్చాడు. తర్వాత ఎవరిదో అతను ఆలోచించలేదు. ఎప్పుడో నిర్ణయించుకుని తనకే చెప్పకుండా దాచుకున్నట్టు, వేలు నేరుగా ఆమె పేరు దగ్గర ఆగింది.

"ఓప్పా... వద్దు. నేనిక మీ వైపే, ఒట్టు, నే..."

నాలుక ఆగిపోయింది. అతను సేవ్ చేసి, మళ్లీ కమాండ్ కొట్టాడు. ఈసారి ఎర్రగా వచ్చింది ఆమె పేరు.

తలుపు తెరుచుకుంది. లెనార్ట్ తెర చూశాడు. ఆమెను చూశాడు. ఆమెలో కళ్లు మాత్రమే కదులుతున్నాయి.

"నువ్వెవడివి?"

"రిపేరు వాణ్ని సార్. అయిపోయింది."

"పో."

ఎరుపులో లేనివాణ్ని లెనార్ట్ చంపడు. కారిడార్‌లో ఇన్‌హ్యోక్‌కి వెనక నుంచి సైలెన్సర్ తుపాకీ దగ్గులాంటి చప్పుడు వినిపించింది. గుండె తేలికపడింది. ఆ తేలికకే అతనికి భయం వేసింది.

పన్నెండుంపావుకి చీఫ్ ఫోన్ చేసింది. "దొక్‌సు మన కారెక్కాడు. నువ్వెవర్నీ చంపలేదు కదా?"

"లేదు చీఫ్. రెండు అంకెలు మార్చాను, అంతే."