పాపాయి లాకు దగ్గర నిట్టూర్పు

పాలకొల్లు నుంచి కాలవగట్టు పట్టుకుని కిందికి వెళ్తే పాపాయి లాకు వస్తుంది. కాలవలో పడవలు తిరిగే రోజుల్లో, వాటిని పైకీ కిందికీ దాటించడానికి కట్టిన లాకు అది. ఇప్పుడు పడవలూ లేవు, లాకుకి తలుపులూ లేవు. రెండు రాతి గోడలు, వాటి మధ్య గుర్రపుడెక్క నిండిన నీళ్ళు, పక్కన లాకు తలుపులు చూసుకునే లస్కరు ఉండిన, కప్పు కూలిపోయిన గది. పగలు అక్కడ గేదెలు తప్ప ఎవరూ ఆగరు. చీకటి పడ్డాక గేదెలు కూడా ఆగవు.

పాపాయి అనే కొత్త పెళ్ళికూతురు, పాలకొల్లులో ఉన్న పుట్టింటికి వెళ్దామని ఆ లాకు దగ్గర పడవ కోసం నిలబడిందట. ఆఖరి పడవ ఆవిడ్ని ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయిందట. ఆ తర్వాత ఆవిడ ఏమైందన్నది ఒక్కొక్కరు ఒక్కొక్కలా చెబుతారు. ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట... చీకట్లో ఆ దారిన ఒంటరిగా వెళ్తే లాకు దగ్గర బండి ఆగిపోతుంది. ఓ పొడుగాటి నిట్టూర్పు వినిపిస్తుంది. అప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదు.

నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాను. మా ఆయన నమ్ముతారు గానీ పైకి చెప్పరు. ఆ దారిన వచ్చినప్పుడల్లా కారు అద్దాలు ఎత్తేసి, పాటల సౌండు పెంచుతారు. నేను పక్క సీట్లో కూర్చుని నవ్వుకుంటాను. కాబట్టి, మొన్న ఆదివారం నాగదుర్గ పాలకొల్లులో మా అరుగు మీద చేపలు బాగుచేస్తూ చెప్పిన ఈ సంగతి నేను నమ్మి చెప్పడం లేదు. విన్నది విన్నట్టు చెబుతున్నానంతే.

నాగదుర్గ మాకు చేపలు తెచ్చే అమ్మాయి. ఏటిగట్టు కింద పాలెం వాళ్ళది. ఇదివరకు వాళ్ళమ్మ మహాలక్ష్మమ్మ తెచ్చేది, తట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి. తిరిగి తిరిగి ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంక తట్ట ఎత్తితే మంచాన పడతావని డాక్టరు చెప్పేశాడు. షేర్ ఆటో వాళ్ళేమో నీచు వాసనని తట్టను ఎక్కించుకోరు.

అందుకని నాగదుర్గ బండి కొంది.

బండి అంటే మీరేదో బండి అనుకునేరు. తణుకులో ఎవరి గొడ్లపాకలోనో మూలపడి, మీద కోళ్ళు పడుకునే మోటారు సైకిలు. చవగ్గా వచ్చిందని ట్రాలీ ఆటోలో వేయించుకుని తెచ్చింది. తెచ్చేనాటికి ఆ అమ్మాయికి సైకిలు తప్ప ఇంకేదీ తొక్కడం రాదు. మహాలక్ష్మమ్మ ఆ బండి చుట్టూ తిరిగి చూసి, "ఇది మనల్ని మోత్తాదా, దీన్ని మనం మొయ్యాలా?" అందిట.

నాగదుర్గ పంతం మనిషి. ఫోన్లో వీడియోలు చూసి బండి విప్పడం మొదలెట్టింది. విప్పిందల్లా చాప మీద వరసగా పెట్టి ఫొటో తీసుకునేదట, మళ్ళీ బిగించేటప్పుడు ఏదీ మిగిలిపోకూడదని. చైను డీజిల్లో నానేసింది. కార్బురేటరు విప్పి పాత పళ్ళ బ్రష్షుతో తోమింది. బ్రేకులూ క్లచ్చి వైరూ మాత్రం సెంటర్లో మెకానిక్కు వీరబాబు షెడ్డులో కూర్చుని, అతను పక్కనుండి చెబుతుంటే తన చేత్తోనే వేసుకుంది. మొదటిసారి స్టార్టయినప్పుడు వచ్చిన పొగకి వాళ్ళ వీధిలో దోమలు పారిపోయాయని ఎంత సంబరంగా చెప్పిందో.

నడపడం నేర్చుకుంది ఏటిగట్టు మీద. క్లచ్చి వదిలితే బండి కప్పలా ఎగిరేదట. గట్టు దిగి వరిచేలోకి పోయేదట. కొన్నాళ్ళకి ఆ బండి చప్పుడు వింటేనే చేలో నాట్లు వేసేవాళ్ళు పక్కకి తప్పుకునేవారట. అయినా వదల్లేదు.

ఇంతలో ఓ మంచి బేరం తగిలింది. పాలకొల్లు బస్టాండు దగ్గర మెస్సు నడిపే చంద్రరావు గారికి ఆ అమ్మాయి చేపలు నచ్చాయి. "రోజూ నువ్వే తెచ్చెయ్యమ్మా. ఒకటే మాట, పొద్దున్న ఏడింటికల్లా నా వంటింట్లో ఉండాలి" అన్నారు. ఆ బేరం నిలబడితే మహాలక్ష్మమ్మ ఇంక జన్మలో తట్ట ఎత్తక్కర్లేదు. పోతే మళ్ళీ అదే తట్ట, అవే మోకాళ్ళు. నాగదుర్గకి రాత్రీ పగలూ అదే ధ్యాస.

రేవులో వల తీసేసరికే ఆలస్యమవుతుంది. మెయిన్ రోడ్డు చుట్టు. ఏడింటికి అందుకోవాలంటే కాలవగట్టే దారి. కాలవగట్టంటే, దారిలో పాపాయి లాకు...

బయల్దేరే ముందురోజు మహాలక్ష్మమ్మ బండికి పూజ చేసింది. చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించింది. హ్యాండిలుకి నల్లతాడు కట్టింది. గడపకి రాసినట్టు బండికి పసుపు రాసి, బొట్లు పెట్టింది.

"ఆ లాకు కాడ మాత్రం ఆగకమ్మా" అంది.

"నేనెందుకు ఆగుతానే?" అంది కూతురు.

తెల్లారగట్ల బయల్దేరింది. మంచు దట్టంగా ఉంది. లైటు వేసినా బండి ముందు చక్రం దాటి ఏమీ కనపడటం లేదు. వెనక బాక్సులో చేపలు, మంచుగడ్డలు. కొబ్బరితోటలు దాటింది, చిన్న వంతెన దాటింది. లాకు గోడలు మంచులోంచి నల్లగా కనపడ్డాయి...

బండి గుక్కపట్టింది. ఒకసారి దగ్గింది. ఆగిపోయింది.

కిక్కు కొట్టింది. ఉహూఁ. మళ్ళీ కొట్టింది. గుర్రపుడెక్కలో ఏదో కదిలింది. పెట్రోలు అయిపోయిందేమోనని, ఫోను లైటు వేసి ట్యాంకు మూత తిప్పింది...

హుస్స్... స్... స్...

చీకట్లో, చాలా దగ్గర్లో... ఎవరో ఎన్నాళ్ళనుంచో బిగబట్టిన ఊపిరి వదిలినట్టు.

"వెనక్కి తిరిగి చూశావా?" అన్నాను నేను.

"అమ్మో, నేనెందుకు చూత్తానండి పిన్నిగారూ. కళ్ళు మూసుకుని మూత బిగించి, దుర్గమ్మా అని కిక్కు కొట్టాను. ఒక్క కిక్కుకే అందుకుందండి. మెస్సు దాకా మళ్ళీ ఆగితే ఒట్టు."

అక్కడికి వెళ్ళేసరికి ఏడు దాటిపోయింది. చంద్రరావు గారు గోడ గడియారం వైపు చూశారు.

తిరుగు దారిలో తొందరేం లేదు కనక మెయిన్ రోడ్డు మీదుగా వచ్చి, మధ్యలో బంకులో పెట్రోలు కొట్టించుకుని ఇల్లు చేరింది. బండి ఎక్కడా నలత పడలేదు. నేరుగా వీరబాబు దగ్గరికి తీసుకెళ్ళింది. అతను ట్యాంకు మూత తీసి పెట్రోలు చూశాడు, ప్లగ్గు చూశాడు, వీధంతా తిప్పుకొచ్చాడు.

"బండిలో ఏం లేదు చెల్లెమ్మా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఎక్కడ ఆగిందన్నావ్?"

"లాకు కాడ."

వీరబాబు స్పానరు కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "అయితే ఇది నా పని కాదు."

మర్నాడు మళ్ళీ లాకు దగ్గరే ఆగింది. మూత తీస్తే మళ్ళీ అదే నిట్టూర్పు. ఆ వెంటనే బండి మామూలే. ఆ పై రోజూ అంతే. నిట్టూర్చాక పాపాయి వదిలేస్తోందని పాలెం అంతా తేల్చేసింది. బండి ఆగిన రోజల్లా సాయంత్రం మహాలక్ష్మమ్మ దానికి ఇంకాస్త పసుపు పట్టించేది, ఇంకో నిమ్మకాయ కట్టేది. బండి అమ్మవారి ఘటంలా తయారైంది.

చివరికి చంద్రరావు గారు చెప్పేశారు. "ఇంకొక్కసారి ఆలస్యమైతే నేను వేరేవాళ్ళని చూసుకుంటానమ్మా. తప్పుగా అనుకోకు."

ఆ రాత్రి తల్లీకూతుళ్ళు అన్నాలు సరిగ్గా తినలేదు. "రేపు కూడా ఆగితే ఇనప సామాన్లోడికి ఇచ్చేద్దారి. నా తట్ట నాకుంది" అంది మహాలక్ష్మమ్మ. అటక మీంచి పాత తట్ట దించి దులిపి గుమ్మం దగ్గర పెట్టింది కూడాను. ఆ తట్టని చూస్తే తనకి ఏడుపొచ్చిందని నాగదుర్గ చెప్పింది. అయినా తల్లి మనసు కదా, పడుకోబోయే ముందు ఇంట్లో ఉన్న పసుపంతా కలిపి బండికి మెత్తేసింది.

తెల్లారగట్ల మళ్ళీ మంచు. నాగదుర్గ పళ్ళు బిగించి బండి తోలుతోంది. కొబ్బరితోట వచ్చింది. లాకు ఇంకా చాలా దూరం...

బండి దగ్గింది. ఆగిపోయింది.

చుట్టూ చీకటి. కొబ్బరాకుల మీంచి మంచు బొట్లు టప్... టప్... మని రాలుతున్నాయి. నాగదుర్గకి ముందు ఒళ్ళు జలదరించింది. లాకు దగ్గర ఉండాల్సిన మనిషి ఇక్కడిదాకా ఎదురొచ్చిందా?

తర్వాత కోపం వచ్చింది. పుట్టింటికి వెళ్ళాలంటే వెళ్ళాలిగాని, మధ్యలో మాయమ్మ మోకాళ్ళ మీద పడతావేంటని చీకట్లోకి చూసి గట్టిగానే అడిగిందట.

కోపం వస్తే ఆ అమ్మాయికి బుర్ర బాగా పనిచేస్తుంది. పాపాయి ఉండేది లాకు దగ్గర. ఇక్కడ లాకు లేదు. ఇక్కడున్నది తనూ, బండీ. మరి రోజూ నిట్టూర్చేదెవరు?

ఈసారి కళ్ళు మూసుకోలేదు. ఫోను నోట కరుచుకుని, మూత మీద అరచెయ్యి ఆనించి మెల్లిగా తిప్పింది. హుస్స్... స్... గాలి చేతికి తగిలింది. బయటికి కాదు, లోపలికి. ట్యాంకు గాలి పీలుస్తోంది.

"నూనె డబ్బాకి ఒక్క కన్నం పెడితే నూనె దిగదు కదండి పిన్నిగారూ? గాలికి ఇంకో కన్నం పెట్టాలి. ఈ మూతకీ గాలి కన్నం ఉంటాదండి. వీడియోలో చూశాను, మర్చిపోయాను."

మూతని లైటు కింద పెట్టి చూసింది. కన్నమా? మూతే కనపడటం లేదు. ఎండి పెచ్చు కట్టిన పసుపు, దాని మీద బొట్టు, ఆ బొట్టు మీద మళ్ళీ పసుపు. వాళ్ళమ్మ రోజూ పాపాయి బండెక్కకుండా రాసిన కాపలా అంతా పోయి ఆ గాలి కన్నంలో కూర్చుంది. పెట్రోలు కొంత దిగాక ట్యాంకుకి ఊపిరి ఆడక బండి ఆగిపోతోంది. ఇంటి దగ్గర్నుంచి అలా ఊపిరాగేసరికి సరిగ్గా లాకు వస్తోంది. రాత్రి ఇంకా దట్టంగా మెత్తింది కనక ఇవాళ ముందే ఆగింది. బంకులోనూ వీరబాబు షెడ్డులోనూ మూత తీస్తున్నారు కనక అక్కడ ఏ రోగమూ లేదు.

నాగదుర్గ గాజుకున్న పిన్నీసు తీసి కన్నం పొడిచింది. కొంగుతో మూతంతా తుడిచింది. లాకు దగ్గర ఆగకుండా, హారన్ కొట్టి మరీ వెళ్ళింది. మెస్సు గుమ్మంలో దిగేసరికి చంద్రరావు గారు ఇంకా పళ్ళు తోముకుంటున్నారట.

ఇంటికొచ్చి చెబితే మహాలక్ష్మమ్మ ఒప్పుకోలేదు. "పసుపు రాస్తే ఆగిపోయే బండి ఎక్కడైనా ఉంటాదా?" అంది. చివరికి రాజీ కుదిరింది. పసుపు ముందు మడ్గార్డుకి, మూత జోలికి రాకూడదు. "అయితే నేనూ ఎక్కుతాను. నా కళ్ళతో చూడాలి" అంది ఆవిడ.

కథ అయిపోయిందనుకున్నాను. నవ్వొచ్చింది కూడా. "అంటే పాపాయీ లేదు, దెయ్యమూ లేదు. మీ అమ్మ పసుపు" అన్నాను, లోపల పేపరు చదువుతున్న మా ఆయనకి వినపడేటట్టు.

నాగదుర్గ నవ్వలేదు. పొలుసు తీస్తున్న కత్తి ఆపింది.

"ఇవాళ అమ్మని ఎక్కించుకొచ్చానండి. లాకు దాటుతుంటే వినపడింది."

"ఏంటి?"

"నిట్టూర్పండి. పొడుగ్గా."

"మళ్ళీ పసుపు రాసిందా?"

"లేదండి. మూత అద్దంలా ఉంది. బండి పరిగెడతానే ఉంది."

"అయితే మీ అమ్మే."

"నేనూ అలాగే అనుకున్నానండి. ఏంటమ్మా, మోకాళ్ళు నొప్పెడతన్నాయా అన్నాను. అమ్మ నా చెవి దగ్గరికి వంగి..." నాగదుర్గ గొంతు తగ్గించింది. "నేను కాదే, నీ బండి అనుకున్నాను, అంది."

పొద్దున్నుంచీ అరుగు చివర గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకున్న మహాలక్ష్మమ్మ అవునన్నట్టు తలూపింది.

"మరి... ఆగావా?" అన్నాను.

"ఎందుకాగుతానండి? ఏడింటికి మెస్సులో ఉండాలి." నాగదుర్గ ముక్కలు గిన్నెలో వేసి, చెయ్యి కడుక్కుంటూ తేలిగ్గా నవ్వింది. "ఎక్కితే ఎక్కిందిలెండి, పాపం. ఎన్నేళ్ళనుంచి నిలబడిందో. ఎలాగూ పాలకొల్లేగా, పుట్టింటికి దింపేసినట్టుంటాదని అమ్మ కూడా అంది."

"దింపావా?"

"దిగే ఉంటాదండి."

"ఎక్కడ?"

"ఏమోనండి. లాకు దాటాక మెస్సుకి వెళ్ళేలోపు నేను బండి ఆపింది ఒక్క చోటే. అమ్మని దింపడానికి..."

"ఎక్కడే?"

"మీ గేటు ముందేగా, పిన్నిగారూ."

లోపల మా ఆయన టీవీ పెట్టి సౌండు పెంచారు. ఈసారి నేను నవ్వలేదు.